వెండి పలక మీది వెలుగు

పలాస స్టేషన్‌లో బల్ల మీద గౌరి మొహం వేలాడేసుకుని కూర్చుంది. పక్కనే లోకేష్ ఫోనులో ల్యాబ్‌లో తీసిన ఫోటోలే మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాడు. వరసకు బావామరదళ్లైన ఇద్దరూ టెక్కలి కాలేజీలో ఒకే మేడం దగ్గర పరిశోధన చేస్తున్నారు. వెండి పలక మీద కంటికి ఆనని గీతలు చెక్కి, గాలి తీసేసిన పెట్టెలో ఉంచి, దాని మీదకు ఎలక్ట్రాన్ల ధార వదిలితే ఆ గీతల నుంచి వెలుగు రావాలి. ఏళ్ల తరబడి రాలేదు. మేడం సెలవు పెట్టిన వారంలో వచ్చింది, నీలంగా, మసగ్గా. ఆ ఫోటోలు చూపిస్తే పూణే ల్యాబ్‌లో ఉద్యోగం ఖాయమని లోకేష్ ఆ ల్యాబ్ వాళ్లు విశాఖలో పెట్టిన ఇంటర్వ్యూకి బయల్దేరాడు.

"ఏటే ఆ మొగం? నానేటి అత్తారింటికెల్తన్నానా, అంపకాలు పెడతన్నట్టు కూకున్నావు!"

గౌరి నవ్వలేదు. వెలుగొచ్చిన రోజు పొద్దున్న ఆమె అమ్మతో కూర్చుని జీడిపిక్కలు కొట్టింది. పెంకు నూనె అంటిన వేళ్లను బూడిదతో తోముకుని పరుగెత్తింది. ఆలస్యమైన కంగారులో గ్లవుజులు వేసుకోకుండానే పలకను పెట్టెలో అమర్చింది. గీతల వెలుగైతే పలకను వాల్చినకొద్దీ రంగు మారాలి. సంబరంలో లోకేష్ అది చూడనే లేదు. తర్వాత ఆమె ఒక్కతే చూసింది. రంగు మారలేదు. పలకను కడిగి పెడితే వెలుగే లేదు. వెలిగింది తన వేలికంటిన జీడిపెంకు నూనె.

ఇన్నాళ్లూ అతని ఆనందం చూసి నోరు మూసుకుంది. ఇప్పుడు చెబితే రైలెక్కడు కదా అని మనసు లోపల ఎవరో అంటున్నారు. ఆ గొంతు తనదే.

రైలు వచ్చి ఆగింది. లోకేష్ బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"బావా, ఆ ఎలుగు గీతల్ది కాదు," అంది గౌరి. గ్లవుజుల సంగతీ, కడిగిన సంగతీ గబగబా చెప్పేసింది.

అతని మొహం పాలిపోయింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు. నెమ్మదిగా రైలెక్కాడు.

"ఎల్తన్నావా?"

"ఎల్లాలి గదా. పిలిసినోళ్లకి నానే సెప్పాల, ఫోటోలు తప్పని." తలుపు దగ్గర నిలబడి ఆమె వైపు చూశాడు. "నువ్వు సెప్పకపోతే అందరి ముందూ పరువు పోయేది. దండమే తల్లీ నీకు."

ఆ దండం గౌరి తట్టుకోలేకపోయింది. రైలు కదిలింది. తలుపు పక్క కమ్మీ పట్టుకుని రైలుతో పాటు నడిచింది.

"దండాలెట్టకు బావా! నువ్వు ఎల్లకుండా ఆగిపోతావని సెప్పాను. అందుకే సెప్పాను!"

లోకేష్ తలుపులోంచి ముందుకు వంగాడు.

"ఎల్లొద్దన్న మాటైనా ముందు సెప్పలేకపోయావా?" అన్నాడు.

కోపమో, మరేదో, ఆ గొంతులో ఆమెకు తెలియలేదు. కమ్మీ చేతిలోంచి జారిపోయింది.