దిగని చెయ్యి

ఎమ్మెల్యేగారు పొద్దున్నే స్నానం చేసి వచ్చేసరికి భార్య పళ్ళెం పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. పసిపిల్లాడికి పెట్టినట్టు ఒక్కో ముద్దా నోట్లో పెడుతుంది. పెట్టక ఏం చేస్తుంది, ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ నెత్తికి పైన నిటారుగా నిలబడి ఉంటే!

మొదటిసారి గెలిచినప్పుడు, చదవని బిల్లుకి ఎత్తిన చెయ్యి మధ్యాహ్నం భోజనాలవేళకి గానీ దిగలేదు. రెండోసారి గెలిచాక దిగడానికి మూడురోజులు పట్టేది. మూడోసారికి దిగడమే మానేసింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. డ్రైవరు కారు కప్పుకి కన్నం పెట్టించాడు. వానొస్తే భార్య ఆ చేతికి ప్లాస్టిక్ సంచి తొడిగేది. పార్టీ పెద్ద తెగ ముచ్చటపడి, "ఇలాంటివాళ్ళు పదిమందుంటే నేను గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతా" అని నాలుగోసారీ టిక్కెట్టిచ్చాడు. ఆ చెయ్యి చూస్తే ధైర్యం చెబుతున్నట్టుందని జనం ఓట్లేశారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?

చొక్కాలు మాత్రం అక్కే కుట్టేది. తల్లి పోయాక కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది ఆవిడే. ఆ ఉదయం కొత్త చొక్కాతో వచ్చిన అక్క, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా ఊరు ముంచే ఆనకట్ట బిల్లు ఇవాళేనటగా?"

"అవునక్కా."

"నీ మేనకోడల్ని పాతిపెట్టింది అక్కడేరా. సామానంటే మోసుకుపోతాను. దాన్నెలా మోసుకుపోను?"

ఆయన ఏడ్చాడు. తుడుచుకోవడానికి ఎడమచెయ్యే దిక్కయింది.

"ఎత్తనక్కా. నీ మీదొట్టు."

"ఒట్టేసేది నోరు. ఎత్తేది చెయ్యి కదరా," అంది అక్క.

మరదలూ తనూ కలిసి, శక్తికొద్దీ లాగి ఆ చెయ్యిని కిందికి దించారు. అక్క గోనెసంచులు కుట్టే సూదీ పురికొసా తీసి, చొక్కా చేతిని పక్కకుట్టుతో కలిపి నాలుగు వరసలు కుట్టేసింది. ఆరేళ్ళ తర్వాత ఆయన ఆ గుమ్మంలోంచి వంగకుండా నడిచి వెళ్ళాడు.

సభలో స్పీకరు, "అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి" అన్నాడు.

"నేను వ్యతిరేకం!" అని ఆయన లేచి అరిచాడు. కుట్టు మొదటి వరస ఫట్‌మంది. ఎడమచేత్తో అదిమిపట్టాడు. "కాస్త పట్టుకో బాబూ" అని పక్కనున్న సభ్యుణ్ణి బతిమాలాడు. ఆ సభ్యుడు తన చెయ్యి ఎత్తే పనిలో ఉన్నాడు. రెండో వరస తెగింది, మూడోదీ నాలుగోదీ తెగాయి. చేతులు లెక్కపెడుతూ వచ్చిన గుమాస్తా ఆయన దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"నోటిమాట రాసుకోడానికి ఈ కాగితంలో గడి లేదండీ," అన్నాడు జాలిగా.

బిల్లు ఒక్క చెయ్యి తేడాతో నెగ్గింది.

ఆనకట్ట పూర్తయి ఊరు ఖాళీ చేసే రోజున ఆయన పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. అప్పటికే రోడ్డు మీద చీలమండలదాకా నీళ్ళు. అక్క సామాను లారీ ఎదురొచ్చింది. "అక్కా, ఆగు! మా ఇంటికి పోదాం!" అని గొంతు చించుకున్నాడు. ఇంజను రొదలో అదేమీ వినపడలేదు. లారీ డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టాడు.

"అమ్మా, ఎవరో చెయ్యెత్తి ఆపమంటున్నారు."

అక్క ఒళ్ళో చిన్న మూట ఉంది. కూతుర్ని పాతిపెట్టిన చోట తవ్వుకున్న మట్టి. ఆవిడ అద్దంలోంచి ఒకసారి చూసి, మూట ముడి బిగించుకుంది.

"ఆపమని కాదు నాయనా. వాడి చెయ్యంతే. పోనీ."