కత్తిరింపని చేతితొడుగులు

కార్తికమాసారంభమున సముద్రగర్భసంభూతమైన ప్రచండవాత్య రెండు దినములు నాగావళీతీరగ్రామముల నల్లకల్లోలము గావించి శాంతింపగా తృతీయదినప్రభాతమున మేఘశకలాంతరనిర్గతములైన పాండురవికిరణములు కూలిన కొబ్బరిచెట్లపైనను నీట మునిగిన వరిచేలపైనను తెగి నేలవ్రాలిన విద్యుత్తీగలపైనను దీనముగా ప్రసరించుచుండెను.

ఆ ప్రాంతపు విద్యుదుపకేంద్రమున పనిముట్ల పరీక్షకుడగు గవరయ్య యిరువదిరెండు సంవత్సరములుగా లైనుమానుల ప్రాణములకు కాపుగా నుండెను. విద్యుత్తు సోకకుండ వారు ధరించు రబ్బరు చేతితొడుగులను అతడు చూచి మంచివని చెప్పినగాని యెవ్వరును పనికి కదలరాదు. ఆ యుదయమున బంగారునాయుడను లైనుమాను తొడుగులను పరీక్షించుచు అతడు కుడిచేతి బొటనవ్రేలి మొదట సూదిమొనయంత రంధ్రమును గనుగొనెను.

"తమ్ముడా! ఇవి పనికిరావు. క్రొత్తవి వచ్చువరకు నీవు తీగల జోలికి పోవలదు."

"అన్నా! ఆసుపత్రిలో నెలలు నిండని కవలశిశువులు వెచ్చని పెట్టెలో నున్నారట. అచ్చటి జనరేటరునకు డీజిలు మధ్యాహ్నము వరకే సరిపోవునట. నేనెట్లు నిలుతును?"

"నేనే పోయి క్రొత్తవి తెచ్చెదను. నీవిచ్చటనే యుండుము."

చెడిన తొడుగులను తత్క్షణమే కత్తిరించి పారవేయవలెనని నియమము. గవరయ్య కత్తెరను చేతబట్టెను కూడ. కాని క్రొత్తవి పంపుడని తాను మూడుమారులు వ్రాసినను పలుకని పైయధికారి కన్నులయెదుట ఆ రంధ్రమును బెట్టవలెనను కోపము ఆ క్షణమున అతని మనస్సు నావరింపగా ఆ తొడుగులను బల్లపైననే యుంచి సైకిలెక్కి పట్టణమందలి గిడ్డంగికి బయలుదేరెను.

దారిపొడవున చెట్లు పడియుండుటచే సైకిలును భుజమున నిడుకొని మోకాలిలోతు నీట నడచి క్రొత్తజతను చొక్కాలోపల రొమ్మున దాచుకొని అపరాహ్ణమున అతడు మరలి వచ్చునప్పటికి ఉపకేంద్రము వాకిట జనము మూగియుండెను. ఆసుపత్రినుండి మరల ఫోను వచ్చెననియు ఆగలేక బంగారునాయుడు బల్లమీది తొడుగులనే ధరించి పోయెననియు విద్యుత్తుగల తెగిన తీగ యొకటి తగులుకొనియున్న తడి స్విచ్చుమీటను తెలియక పట్టి ప్రాణములు విడిచెననియు శవమును అప్పుడే అచ్చటికి మోసికొని వచ్చిరనియు వారు చెప్పిరి. గవరయ్య గుంపును త్రోసికొని పోయి కూలబడి ఆ చల్లని చేతులను తన చేతులలోనికి దీసికొని క్రొత్త తొడుగులను వానికి తొడుగుటకు పిచ్చివానివలె యత్నించుచుండగా నలుగురు పట్టి యీవలకు లాగిరి.

శిశువులను అంతకుమునుపే వేరొక పట్టణమునకు తరలించిరని సాయంకాలమున తెలియవచ్చెను.

అయిదు మాసములు గడచిన పిమ్మట మృతుని భార్యయగు సన్యాసమ్మకు ఆ యుపకేంద్రముననే కొలువు దొరకెను. ఆమెకు నియమింపబడిన పని తొడుగుల పరీక్ష. నేర్పవలసినవాడు గవరయ్య. మొదటిదినముననే అతడు తలవంచుకొని యిట్లనెను.

"అమ్మా! నాడు ఆ చిల్లుపడిన తొడుగులను నేను కత్తిరించియున్నచో నీ పెనిమిటి నేడు బ్రతికియుండెడివాడు. ఈ మాట చెప్పక నీకు పని నేర్పజాలను."

సన్యాసమ్మ తన చెంపలపై జారిన కన్నీటిని తుడుచుకొనలేదు.

"బావగారూ! మిమ్ము క్షమించితినని నేననజాలను. ఎప్పటికైన ననగలనో లేదో యెరుగను. కాని రేపు స్తంభమెక్కువారికిని ఇండ్లున్నవి. చిల్లు నెట్లు కనుగొనవలెనో చూపుడు."

గవరయ్య ఒక క్రొత్త తొడుగును దీసికొని దాని యంచును బిగువుగా చుట్టుచు రాగా లోనిగాలి యంతయు వ్రేళ్లలోనికి జేరి అది సజీవహస్తమువలె నుబ్బెను.

"దీనిని చెంపకు జేర్చి నిలుపుమమ్మా! రంధ్రమున్నచో సన్నని గాలి తగులును."

ఆమె ఆ యైదువ్రేళ్ల చేతిని తన చెక్కిలికి జేర్చి కన్నులు మూసికొనెను. గాలి యెచ్చటను తగులలేదు. అది మంచిదేయని తెలిసిన పిమ్మటను ఆమె దానిని చాలసేపు దింపలేదు.