బూడిద పళ్లెం

ధర్మవరంలో మగ్గం మీది వార్పు, అంటే నిలువు పోగులు, అయిపోతే, కొత్త వార్పు పోగులను పాతవాటి కొనలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. పట్టు జారకుండా అతికేవాళ్లు వేళ్లకు బూడిద రాసుకుంటారు. ఇంటి పిల్లలెవరో ఒకరు పక్కన బూడిద పళ్లెం పట్టుకుని కూర్చోవాలి. మా ఇంట్లో అది చెల్లెలు శైలజ పని. తొంభై ఏడులో దానికి తొమ్మిదేళ్లు.

హిందూపురంలో డిగ్రీ చదువుతున్న నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. మా వీధి మగ్గాలన్నింటికీ వార్పు అతికే ఓబుళప్ప ఒక పొద్దున వచ్చాడు. శైలజ పళ్లెం ముట్టుకోకుండా పోయి వంటింట్లో నక్కింది. మగ్గం నిలిచిపోతే ఏం తింటామని అమ్మ తిట్టింది, రెక్క పట్టి లాగింది.

"నేను కూచోనుమా. ఆ మామ చెయ్యి పోగుల మీద ఉండదు."

అమ్మ రెక్క వదిలేసింది. వార్పు అతికిన ప్రతిసారీ శైలజ గౌను వెనక బూడిద మరకలుండేవి. చేతులు గౌనుకు తుడుచుకుంటున్నావని అమ్మ దాన్నే కొట్టి, ఉతికేది. పిల్ల చెయ్యి ఆ మరకలున్న చోటికి అందదు.

అమ్మ బయటికొచ్చి ఓబుళప్ప ముందునుంచి పళ్లెం తీసేసింది. ఆయన నవ్వాడు.

"ఏం సుబ్బక్కా, పిల్లోల్ల మాట పట్టుకోని మగ్గం పండబెట్టుకుంటావా?"

"పండుకోనీ. నువ్వు లెయ్."

పోలీసులకు చెబుదామన్నాను. పిల్ల పేరు వీధిలో పడుతుందని నాయన ఒప్పుకోలేదు. ఓబుళప్పను కాదని వేరే అతికేవాళ్లూ రాలేదు.

నీ ఒళ్లు నీదని, మామ అని పిలిచేవాళ్లయినా సరే ఇష్టం లేకుండా తాకితే లేచి వచ్చేయమని, ఎవరైనా ఎవరికీ చెప్పొద్దంటే ఆ మాటే ముందు మాకు చెప్పమని శైలజకు చెప్పాను. అది అంతా విని ఒకటే అడిగింది.

"మగ్గం నా వల్లే నిలిచిపోయిందా అక్కా?"

నీ తప్పేమీ లేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.

పక్కింటి కొండమ్మకూ అంత వయసు కూతురే ఉంది. అమ్మ పోయి జరిగింది చెప్పింది. కొండమ్మ తల దించుకుని అంతా విన్నది.

"మరి మా వార్పు నువ్వు అతుకుతావా సుబ్బక్కా?" అంది.

ఓబుళప్ప వాళ్లింటికి వచ్చిన రోజు అమ్మ ఎవరూ పిలవకుండానే పోయింది. ఆ పిల్ల చేతిలోని పళ్లెం తీసుకుని, పిల్లను మా ఇంటికి పంపి, పొద్దు మునిగేదాకా తనే ఆయన పక్కన కూర్చుంది. కళ్లు ఆయన చేతుల మీదనుంచి తిప్పలేదు.

మా ఇంట్లో పిల్లలిద్దరూ ఖాళీ మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. కాసేపటికి శైలజ ఆ పిల్లను వెనక్కి తిప్పి గౌను చూసింది. ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

"నీ తప్పు కాదంట," అంది శైలజ. "మా అక్క చెప్పింది."