శీనమ్మ వదిలిన జాగా

ఆత్మకూరు బస్టాండు వెనక, ఎరువుల కొట్టు మేడ మీద యేసురత్నం స్టూడియో. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. గోడలకు పాత పరుపులు కొట్టిన ఒక గది, ఒక మైకు, ఒక కంప్యూటరు, అంతే. క్రిస్మస్ పాటలు, ఎన్నికల పాటలు, పురుగుమందుల ప్రచారాలు అన్నీ అక్కడే తయారవుతాయి. ఆ కంప్యూటర్లో ఉన్న రికార్డింగు సాఫ్ట్‌వేర్ అంటే యేసురత్నానికి ప్రాణం. శ్రుతి తప్పినవాణ్ణి శ్రుతిలో కూర్చోబెడుతుంది, తాళం తప్పినవాణ్ణి చెవి పట్టుకుని తాళంలోకి లాక్కొస్తుంది, పక్క వీధిలో మొరిగే కుక్కను పాటలోంచి తరిమేస్తుంది. ఊరికే కబుర్లకు వచ్చినవాడికి కూడా దాని గుణగణాలు చెప్పందే కిందికి దిగనివ్వడు.

"పెళ్ళికి ముందే ఇది దొరికుంటే మా ఆయన నన్ను యాడ చేసుకునేవాడు?" అంటుంది భార్య సుకుమారి, వచ్చినవాళ్ళకు టీ అందిస్తూ. యేసురత్నం దాన్ని పొగడ్తగానే తీసుకుంటాడు.

ఒక గురువారం ఉదయగిరి కొండ కింది పల్లె నుంచి శీనమ్మ వచ్చింది. వెంట కూతురు కృపారాణి. శీనమ్మకు అరవై దాటినా మనిషి గట్టిది. గొంతు మీద మాత్రం నిమ్మకాయంత గడ్డ. వచ్చేవారం నెల్లూరులో ఆపరేషను. గొంతు మళ్ళీ ఇట్లాగే ఉంటుందని మాటివ్వలేనని డాక్టరు ముందే చెప్పేశాడట.

"నా గొంతు పోతే పోనీ అబ్బయ్యా. పాట పోకూడదు" అంది శీనమ్మ.

ఆ పాట ఆమె తల్లి నాగులమ్మ కట్టింది. ఏ పాటల పుస్తకంలోనూ లేదు. 'మెట్ట చేలకు మబ్బయి వచ్చిన మారాజా' అని మొదలవుతుంది. నాగులమ్మ కాలంలో ఆ చర్చిలో చదువొచ్చినవాళ్ళు లేరు. అందుకని ముందు ఒకరు లైను అందించడం, తర్వాత జనమంతా దాన్ని అందుకోవడం అలవాటైంది. ఇప్పుడు పిల్లలంతా చదువుకున్నారు గానీ అలవాటు మాత్రం పోలేదు. నాగులమ్మ తర్వాత అందించడం శీనమ్మ వంతైంది. ఊళ్ళో పాట రానివాళ్ళు లేరు, ఒంటరిగా పాడగలిగినవాళ్ళూ లేరు.

"మాటలన్నీ రాసి పెట్టుకున్నానన్నా. కానీ నేను ఎత్తుకుంటే రాగం యాడికో పోతాది. అమ్మ అందిస్తే పాటంతా వచ్చు. అందించకపోతే ఒక్క ముక్క రాదు" అంది కృపారాణి నవ్వుతూ. ఆ నవ్వు వెనక భయం ఉంది.

యేసురత్నం శీనమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, మైకు ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె మొదటి లైను ఎత్తుకుంది. గది నిండిపోయింది. యేసురత్నానికి ఒళ్ళు పులకరించింది. అంతలో ఆమె ఆగిపోయింది. మరిచిపోయిందేమో అనుకుని చెయ్యి ఊపాడు. ఆమె తలాడించి, తీరిగ్గా రెండో లైను పాడి, మళ్ళీ ఆగింది.

"ఆపకుండా పాడు పెద్దమ్మా."

"ఆపలేదబ్బయ్యా. పాడతానే ఉండాను."

ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఇదే వరస. లైను పాడుతుంది, నోరు మూస్తుంది, గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. చివరికి దగ్గు పట్టుకుంది. కృపారాణి కంగారుగా నీళ్ళ సీసా అందించింది. యేసురత్నం చేతులెత్తేశాడు. "నీకు ఎట్ట వస్తే అట్ట పాడు పెద్దమ్మా. మిగతాది మా సాఫ్ట్‌వేర్ చూసుకుంటాది."

చూసుకుంది కూడా. వాళ్ళు బస్సెక్కి వెళ్ళాక అతను లైనుకూ లైనుకూ మధ్య ఖాళీలన్నీ కోసేసి, ముక్కలను దగ్గరికి జరిపి అతికించాడు. వెనకాల కీబోర్డు పరిచాడు. ఎక్కడా అతుకు కనబడలేదు. పాట ఏరులా సాగిపోయింది. కృపారాణి ఫోనుకు పంపించి, వెనక్కి వాలి ఒళ్ళు విరుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. మా సాఫ్ట్‌వేర్‌తో మీకు ఎంత తృప్తిగా ఉంది అని కంపెనీవాళ్ళ ప్రశ్న. మార్కులకు బదులుగా ఇచ్చిన ఐదు చుక్కలనూ యేసురత్నం నొక్కేశాడు. అది చాలక, కింద ఉన్న గడిలో తనకొచ్చిన ఇంగ్లీషంతా పెట్టి, ఒక పెద్దమ్మ పాటను బతికించారు, దేవుడు మిమ్మల్ని దీవించుగాక అని రాసి పంపాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర ఉండగా కృపారాణి ఫోను చేసింది.

"అన్నా, పాట శానా బాగుండాది. కానీ చర్చిలో పెడితే ఎవురూ పాడలేకపోయినారు. అందుకుందామంటే సందేది? ఈ లైను నోట్లోకి వచ్చేలోపల ఇంకో లైను వచ్చేస్తా ఉండాది. అందరూ నోళ్ళు తెరిచి మల్లా మూసుకున్నారు."

యేసురత్నం చేతిలో ముద్దను కంచంలో వదిలేశాడు. "అమ్మ ఏమన్నాది?"

"'దీంట్లో నేను ఊపిరి గూడా తీసుకోలేదే' అన్నాది. అంతే."

"మళ్ళీ వచ్చి పాడతాదా? నేనే వస్తా, మైకు తీసుకోని వస్తా."

"గొంతు బొంగురు పోయిందన్నా. మాటే సరిగా రావడం లేదు. తెల్లారి నెల్లూరు పోతా ఉండాం."

యేసురత్నానికి అప్పుడు అర్థమైంది. ఆమె ఎక్కడా ఆగలేదు. ఊరంతా పాడడానికి జాగా వదిలింది. తను బతికించానని గొప్పలు పోయింది సగం పాటను. మిగతా సగాన్ని తన చేతులతోనే కోసి పారేశాడు. పైగా పాట పూర్తయ్యాక పనికిరాని ముక్కలను చెరిపేసే అలవాటు ఒకటి అతనికి. ఈసారి చెరిపేశాడో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

చెయ్యి కడుక్కుని మేడ మెట్లు ఎక్కాడు. కంప్యూటరు తెరుచుకునేలోపల ప్రభువుకు మొక్కాడు, సాఫ్ట్‌వేర్‌కూ మొక్కాడు. ఎవరికి ముందు మొక్కాడో చెప్పడం కష్టం. శీనమ్మ పాడిన అసలు రికార్డింగు చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. అతను కోసినవన్నీ పైపైన కోతలే. అసలుదాని జోలికి సాఫ్ట్‌వేర్ పోనేలేదు.

"బంగారు తల్లీ" అన్నాడు పైకే, తెరను చూసి.

మొదటి నుంచి, ఏదీ ముట్టుకోకుండా విన్నాడు. ఖాళీలు నిజానికి ఖాళీలు కావు. ప్రతి ఖాళీలోనూ సన్నగా చప్పుడుంది. తొడ మీద అరచేత్తో తాళం. గోడకేసి చూస్తూ ఆమె తన చర్చినంతా మనసులో పాడించుకుంటోందన్నమాట. ఇంతకుముందు రొద అనుకుని తీసేసింది ఆ చప్పుడునే. ఈసారి దాన్ని ఉంచి, కీబోర్డు తీసేశాడు. ఎక్కడో ఒక కుక్క కూడా మొరిగింది. దాన్ని మాత్రం తరిమేశాడు.

సుకుమారి టీ పట్టుకుని వచ్చేసరికి పాట స్పీకర్లో మోగుతోంది. గ్లాసు బల్ల మీద పెడుతూ, తనకు తెలియకుండానే, మూడో లైనును ఆమె అందుకుంది. యేసురత్నం ఆమెకేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏంది అట్ట చూస్తావు? రాగం తప్పినానా?"

"లేదు. పాడు, పాడు" అన్నాడు.

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డ పోయింది. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది. మెల్లగా రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. కొన్ని వారాలు గడిచాక యేసురత్నం, సుకుమారి స్పీకరు పెట్టె పట్టుకుని ఉదయగిరి బస్సెక్కారు.

చర్చిలో శీనమ్మ మెడకు తువ్వాలు చుట్టుకుని, అలవాటు కొద్దీ ముందుకొచ్చి జనానికి ఎదురుగా కూర్చుంది. యేసురత్నం పాట పెట్టాడు. పెట్టెలోంచి ఆమె గొంతు, పాత గొంతు, మొదటి లైను అందించింది. అందరూ ఆమె నోటికేసి చూశారు. ఆ నోరు మూసే ఉంది. జాగా వచ్చింది. అందుకోవడం ఎవరికీ తోచలేదు. స్పీకర్లో అరచెయ్యి తాళం ఒక్కటే వినబడుతోంది.

అప్పుడు శీనమ్మ అందుకుంది. గీసుకుపోయిన గొంతుతో, పక్కవాళ్ళకు కూడా వినబడీ వినబడనట్టు, ఆ లైను తిరిగి పాడింది. రెండో లైనుకు కృపారాణి కలిసింది. మూడోదానికి ఆడవాళ్ళంతా, ఆ తర్వాత చర్చి అంతా కలిశారు. రెండో చరణం మొదలయ్యేసరికి శీనమ్మ ముందు నుంచి లేచి వెళ్ళి, జనం మధ్యలో కూతురి పక్కన కూర్చుంది.

పాట అయ్యాక యేసురత్నం శీనమ్మ దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. "ఎట్టుండాది పెద్దమ్మా?" అని అడిగాడు. కంపెనీవాళ్ళకు చుక్కలు నొక్కినంత సులువుగా లేదు ఆ ప్రశ్న అడగడం.

శీనమ్మ అతని చెవి దగ్గరికి వంగింది. కళ్ళు తడిగా ఉన్నాయి గానీ నవ్వుతోంది.

"మా అమ్మ పోయినాక నాకు అందించేవాళ్ళే లేకపోయినారబ్బయ్యా" అంది గుసగుసగా. "అందుకోని పాడితే ఇంత సుకంగా ఉంటాదని మర్చేపోయినాను. ఇంకోసారి పెట్టు."

యేసురత్నం పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.