తాతబ్బాయి చెయ్యి కాలదు

రోలుగుంట చుట్టుపట్ల బెల్లం వండేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, పెనంలో కుతకుత ఉడికే పాకంలో ఉత్త వేళ్ళు పెట్టేవాడు తాతబ్బాయి ఒక్కడే. మిగతావాళ్ళు వేళ్ళు చన్నీళ్ళలో ముంచుకుని, గరిటె అంచునుంచి భయం భయంగా ఇంత తీసి, ఉండ కడుతుందో లేదో చూసుకుంటారు. తాతబ్బాయికి నీళ్ళతో పనిలేదు. రెండు వేళ్ళతో తీసి తాపీగా నలిపి, "దింపండ్రా" అనేవాడు. చూడవచ్చిన జనం నోళ్ళు వెళ్ళబెట్టేవారు. వాడి చేతిమీద అమ్మోరు కూచుందని ఒకడు, వాళ్ళ తాత మంత్రం చెప్పి పోయాడని ఇంకొకడు. లోకానికేం పోయింది, మెచ్చుకుంటే నోరు అరుగుతుందా?

అందరికంటే ఎక్కువ మురిసిపోయింది అతని కూతురు నూకరత్నం. ఎనభై రెండులో ఆ పిల్ల నర్సీపట్నంలో టీచర్ ట్రైనింగులో చేరింది. వాళ్ళ ఇంటిలో అంత చదువు చదివింది తనే. సెలవు దొరికితే స్నేహితురాళ్ళని వెంటేసుకుని మన్మథరావుగారి బెల్లప్పాకకు వచ్చేసేది. ఆ పాకలోనే తాతబ్బాయి పని. "అయ్యా, ఇంకోపాలి సూపించవా, ఈళ్ళు సూళ్ళేదంట" అనేది. కూతురు అడిగాక ఆగుతాడా? మళ్ళీ వేళ్ళు పెట్టేవాడు. ఆడపిల్లలు కెవ్వుమని అరిచేవారు, ఆ తర్వాత చప్పట్లు.

ట్రైనింగులో సైకాలజీ చెప్పేది వరదానం మాస్టారు. మిషను కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి, గొంతు పెంచి ఎరగడు. ఆ రోజు పాఠం మెదడు, నరాలు. బోర్డు మీద ఒక చెయ్యి, ఒక దీపం, వెనక వెన్నుపాము గీశారు. "చెయ్యి కాలగానే నరం ఆ కబురు వెన్నుపాముకు చేరేస్తుంది. వెన్నుపాము మెదడును అడగడానికి ఆగదు. చెయ్యి తియ్యి అని అదే ఆజ్ఞ ఇచ్చేస్తుంది. మెదడుకి సంగతి తెలిసేసరికే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. మనం అబ్బా అనేది ఆ తర్వాతే. ఎంత మొనగాడైనా ఇంతే."

నూకరత్నం లేచి నిలబడింది. "మా అయ్య తియ్యడండి!"

క్లాసంతా గొల్లుమంది. దాంతో ఆ పిల్లకి పౌరుషం వచ్చింది. పాకం సంగతి, ఉత్త వేళ్ళ సంగతి, ఊళ్ళో వాళ్ళయ్యకున్న పేరు, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. చూసొచ్చిన పిల్లలు కూడా నిజమేనండీ అని సాక్ష్యం పలికారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "కూర్చోమ్మా" అని, పాఠం అయ్యాక ఆమెను వరండాలోకి పిలిచారు.

"మీ నాన్నగారి చేతికి బొబ్బలు లేస్తాయా?"

"లేస్తాయండి. ఆయనే గిల్లేసుకుంటాడు. నొప్పే ఉండదు" అంది, ఇంకా గర్వంగానే.

"చిటికెన వేలు తిన్నగా చాపగలరా?"

"లేదండి, వంగిపోనాది. గరిటె పట్టీ పట్టీ..."

"ఒంటిమీద ఎక్కడైనా వెలిసిపోయినట్టు మచ్చ?"

"మోచేతి కాడ ఉందండి. ఎండకొచ్చిందంటాడు." ఈసారి ఆ పిల్ల గొంతు తగ్గింది.

వరదానం మాస్టారు చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నారు. "మా అమ్మ కుష్ఠు ఆసుపత్రిలో ఆయాగా చేసేదమ్మా. అలాంటి చేతుల మధ్యే నేను పెరిగాను. వేడి తగిలినా చెయ్యి వెనక్కి రాలేదంటే అది ధైర్యం కాదు, వరం కాదు. కబురు మోసే నరం చచ్చిపోతోందేమోనని నా భయం. మందులున్నాయి. ఆలస్యం చెయ్యకుండా తీసుకురా."

ఆ సాయంత్రమే ఊరి బస్సెక్కింది నూకరత్నం. బస్సులో కూచుందన్నమాటే గానీ ఊరెప్పుడొచ్చిందో తెలీలేదు. పెద్దరోగం అన్న మాట బయటికి పొక్కితే, అయ్య వేలు పెట్టిన బెల్లం ఎవడు కొంటాడు, అయ్యను పాక గుమ్మం ఎవడు ఎక్కనిస్తాడు? చెప్పకపోతే ఆ చెయ్యి చెయ్యిగా మిగలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెల్లారి అయ్య చద్దన్నం తిని లేచేవరకూ ఆగి, చెప్పేసింది.

"పెద్దరోగమా? నాకా?" తాతబ్బాయి మీదికి లేచాడు. "పంతులమ్మవి కమ్మని పంపితే అయ్యకి రోగం అంటగట్టుకొచ్చావేటే? అమ్మోరిచ్చిన సెయ్యే ఇది!"

అప్పుడు నోరు విప్పింది అతని పెళ్ళాం జోగులమ్మ. ఇన్నాళ్ళూ ఊరు మెచ్చుకుంటుంటే ఊఁ అనీ అనలేదు, ఉహూఁ అనీ అనలేదు ఆ మనిషి. "మొన్న నీ అరిసేతిలో తుమ్మముల్లు విరిగుంటే నాను సూసి తీశాను. నీకు తెలిసిందేటి? పాకమంటే అమ్మోరు ఆపింది, ముళ్ళు కూడా అమ్మోరే ఆపతాదేటి? బేగి బయలెల్లు."

తాతబ్బాయి చేతికేసి చూసుకున్నాడు. చొక్కా తొడుక్కున్నాడు.

మాస్టారే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరుగారు కళ్ళు మూసుకోమని దూదితో తాకారు, సూదితో గుచ్చారు. కుడిచేతిలో ఎక్కడా ఉలుకు లేదు. మోచేతి వెనక నరం తాడంత లావుగా తగిలింది. తాతబ్బాయిని బయట కూచోబెట్టి, కూతురికి చెప్పారు. మాత్రలతో రోగం ఆగిపోతుంది, ఎవరికీ అంటుకోదు. కానీ చేతిలో పోయిన స్పర్శ మరి రాదు. "ఓ రెండేళ్ళ ముందు తెచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదమ్మా" అన్నారు.

రెండేళ్ళ ముందు! ఊరంతా ఎగబడి మెచ్చుకోవడం మొదలెట్టింది అప్పుడే కదా. ఒక్కడంటే ఒక్కడు, ఇదేటిరా నీకు కాలడం లేదేటి అని అడిగిన పాపాన పోలేదు. తనూ అడగలేదు. పైగా పిల్లల్ని పోగేసుకొచ్చి మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు అంది. నూకరత్నం బయటికొచ్చేసరికి అయ్య ఆశగా మొహంలోకి చూశాడు. "నయమైపోద్దన్నారు గదా?" అన్నాడు.

"మాత్రలేసుకుంటే నయమైపోద్దన్నారయ్యా" అంది. సగమే చెప్పింది. రెండో సగం చెప్పడానికి నోరు రాలేదు.

తాతబ్బాయి పూట తప్పకుండా మాత్రలు మింగాడు. ఆసుపత్రి వరండాలో అతన్ని ఎవరు చూశారో ఏమో, మళ్ళీ చెరకు నరికే రోజులొచ్చేసరికి ఊరందరికీ తెలిసిపోయింది. మన్మథరావుగారు పెద్దమనిషి, ఒక్క మాట తూలలేదు. "ఈ ఏడు చెరకు తక్కువ తాతబ్బాయ్, కబురెడతాన్లే" అన్నారు. తక్కువా? ఊరి నాలుగు వైపులా బెల్లప్పొయ్యిలు మండుతూనే ఉన్నాయి. ఆ వాసన తగిలినప్పుడల్లా అతను లోపలికెళ్ళి తలుపేసుకునేవాడు.

ఆ చలికాలంలోనే మళ్ళీ పరీక్షకు వెళితే, డాక్టరుగారు అరచెయ్యి తిప్పి చూసి కోప్పడ్డారు. కొత్త కాలిన పుళ్ళు. ఒకటి ఎముకదాకా పోయేలా ఉంది. ఇలాగైతే వేళ్ళు దక్కవన్నారు.

కట్టు కట్టించుకుని నర్సీపట్నం బస్టాండులో బల్లమీద కూచున్నారు. నూకరత్నం కోపం ఆపుకోలేకపోయింది. "పొయ్యి కాడికెల్లొద్దని సెప్పానా లేదా? గుడ్డతో పట్టుకోమన్నానా లేదా? ఎలా కాలింది?"

"కాలింది కాదమ్మా. నానే కాల్సుకున్నాను."

"ఏటీ!"

"మీ అమ్మ కూలికెల్లినప్పుడు అట్లపెనం మీద పెట్టి సూస్తన్నాను. ఇన్ని మాత్రలు మింగాను గదా, ఎప్పుడో ఓపాలి సుర్రుమనకపోద్దా అని. సుర్రుమంటే సాలు, మన్మథరావుగారి కాడికెల్లి, బాబూ నాకు నయమైపోనాది, పనిప్పించండి అని సెప్పుకుందునని."

ఆ చేతిని కాల్చింది పెనం కాదు, తను దాచిన ఆ సగం మాటేనని నూకరత్నానికి అర్థమైంది. ఏడుపు ముంచుకొచ్చింది. కట్టుకు పైన, ఆ మొద్దుబారిన మణికట్టును తన రెండు చేతులతో పట్టుకుంది. "అయ్యా, రోగం పోద్ది. ఆ తెలియడం మాత్రం మరి రాదు. నాకు ముందే సెప్పారు. నానే నీకు సెప్పలేదు."

తాతబ్బాయి రోలుగుంట బస్సు రావలసిన రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయాడు. నూకరత్నం అతని మణికట్టు వదిలేసి, ఓణీ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని కుమిలి కుమిలి ఏడ్చింది.

చాలాసేపటికి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అతనన్నాడు: "ఏడవకమ్మా. రాకపోతే పోనీ. ఎవులు ముట్టుకున్నా తెలీదు గానీ, నువ్వట్టుకుంటే నాకు తెలుస్తంది. ఇదిగో, ఇప్పుడు నీ సెయ్యి ఎచ్చగా తెలుస్తంది."

అతని చెయ్యి బల్లమీద ఒంటరిగా పడి ఉంది. అతను ఇటు తిరిగేలోపల నూకరత్నం గబుక్కున చెంగు వదిలేసి, ఆ చేతిని మళ్ళీ పట్టుకుంది.