గరాటు మీద చెయ్యి

పెదనాన్న నూనె డబ్బాను గరాటులోకి వంచబోయేంతలో పిచ్చుక అడ్డొచ్చి, గరాటు మూతి మీద అరచెయ్యి పెట్టేసింది.

"వద్దు పెదనాన్నా."

షెడ్డులో రేడియో సైతం ఆగిపోయినట్టనిపించింది ఆమెకు. నిజానికి అది పాడుతూనే ఉంది. హారన్ బాగుచేయించుకోవడానికి వచ్చి, విరిగిన కుర్చీలో టీ గ్లాసుతో కూర్చున్న టైలర్ బాబాయి మాత్రం గుటక వెయ్యడం మరిచిపోయాడు. ఆ షెడ్డులో పెదనాన్న చేతికి అడ్డం వెళ్లిన మనిషిని ఆయన అంతవరకు చూడలేదు.

"చెయ్యి తియ్యవే, నూనె పడుతుంది" అన్నాడు పెదనాన్న.

"పడనీ. నా చేతి మీద పడితే కడుక్కుంటా. నా కారులో పడకూడదు."

పిచ్చుక అసలు పేరు ఆ షెడ్డులో ఎవరికీ గుర్తులేదు. చిన్నప్పుడు గొంతు అంత సన్నగా ఉండేదని ఆ పేరు పెట్టింది పెదనాన్నే. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే తలుపు చాటుకు తప్పుకునే పిల్ల. మేడ మెట్ల మీద నుంచి జారిపడ్డప్పుడు ఎడమ మోకాలు బిగుసుకుపోయింది. అది వంగదు, క్లచ్ తొక్కలేదు. అందుకని క్లచ్ లేని కారు, ఎవరో వాడి అమ్మేసింది, కొనుక్కుంది. ఇంటిల్లిపాదీ "నీకెందుకే ఈ తంటా" అన్నారు. ఒక్క పెదనాన్నే పక్క సీట్లో కూర్చుని, తిట్టుకుంటూ, విసుక్కుంటూ నేర్పాడు. ఇప్పుడు ఆ కారే ఆమె కాళ్లు. ఊళ్లోని చిన్న క్లినిక్కులన్నీ తిరిగి, రక్తం గొట్టాలను ఐసు పెట్టెలో సర్దుకుని, చల్లదనం పోకముందే పెద్ద ల్యాబుకు చేరుస్తుంది. కారు గేర్‌బాక్సు చెడితే ఆ పని పోతుంది. పనితో పాటు, ఎవరైనా ఎక్కించుకుంటే తప్ప గడప దాటలేని పాత రోజులు తిరిగి వస్తాయి. ఆ రోజులంటే ఆమెకు రోత.

నాలుగు రోజులుగా కారు ఆగి కదిలేటప్పుడల్లా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. గేర్‌బాక్సు నూనె మార్చాలన్నాడు పెదనాన్న. ఆ పొద్దున కారును జాకీల మీద ఎత్తి, పాత నూనెను బేసిన్‌లోకి వదిలేశాడు. అంతవరకు పిచ్చుక నోరెత్తలేదు. మూలనున్న ఎర్ర నూనె పీపా దగ్గరికి ఆయన డబ్బా పట్టుకుని వెళ్లడం చూశాకే ఆమె గరాటు పక్కకు జరిగింది.

"ఏముందే ఈ నూనెలో?" పెదనాన్న డబ్బా కింద పెట్టి నడుం మీద చేతులేసుకున్నాడు. "ఆటోమేటిక్ బండ్లకని ప్రత్యేకంగా తెప్పించిన సరుకు. మీ టైలర్ బాబాయి కారులోనూ ఇదే. చూడు, ఎంత కులాసాగా ఉందో."

"నా కారు కులాసాగానే ఉంది" అని బాబాయి వంతపాడాడు. "నేనే కాస్త నీరసంగా ఉన్నా. ఇంకో టీ పడితే లేస్తా."

"బాబాయి కారు గేరు మారినప్పుడల్లా వెనక నుంచి మొట్టికాయ వేసినట్టుంటుంది పెదనాన్నా. పెద్దమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు నడిపాగా. నా కారు అలా మొట్టదు. అందులో గేర్లే లేవేమో. స్పేర్ల షాపాయన చెప్పాడు, కొన్ని బండ్లలో రెండు కప్పీల మధ్య ఇనప బెల్టు తిరుగుతుందట. దాని నూనె వేరు. ఎర్ర నూనె పోస్తే బెల్టుకు పట్టు చాలక జారి అరిగిపోతుందట."

"షాపాయన సరుకు అమ్ముకోవాలిగా, చెప్తాడు!"

"అమ్మలేదు. 'ముందు స్టిక్కు పిడి చూడమ్మా, ఏ నూనె పొయ్యాలో దాని మీదే రాసుంటుంది' అన్నాడు."

గేర్‌బాక్సులో నూనె ఎంతుందో చూసే ఆ సన్నటి ఇనప స్టిక్కు గోడకు వేలాడుతోంది. అది పెదనాన్న అలవాటు. బండి పని మొదలుపెట్టగానే స్టిక్కు బయటికి లాగి, తుడిచి, గోడకు వరసగా కొట్టిన మేకుల్లో ఒకదానికి తగిలిస్తాడు. నేల మీద పెడితే ఇసుక అంటుతుందని ఆయన భయం. ఆ శుభ్రత చూసే ఊళ్లో సగం బండ్లు ఆయన దగ్గరికి వస్తాయి.

పిచ్చుక ఒక చెయ్యి గరాటు మీదే ఉంచి, రెండో చెయ్యి చాచి స్టిక్కు అందుకుంది. పిడి మీది జిడ్డును ఓణీ కొంగుతో రుద్ది, వెలుతురులో పెట్టి చూసింది.

ఏటీఎఫ్. పెదనాన్న పీపా మీద తెల్ల రంగుతో పెద్దగా రాసి ఉన్నవీ అవే అక్షరాలు.

ఆమె చెవులు వేడెక్కాయి. పెదనాన్న పీపా వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడంతే. అనాల్సిందంతా టైలర్ బాబాయే అన్నాడు.

"అయిపోయిందిగా తల్లీ! సాక్షిని నువ్వే పిలిచావు, సాక్షి ఆయన పక్షాన చెప్పింది. ఇక చెయ్యి తీసెయ్యి, పాపం పెద్దాయన నడుం పట్టేస్తుంది."

ఇంకెప్పుడైనా అయితే పిచ్చుక చెయ్యి తీసేసేదే. తీసి, కారు వెనక్కు వెళ్లి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకునేది. చెయ్యి తీయాలని వేళ్లు కదిలాయి కూడా. అప్పుడే కింద బేసిన్‌లోని పాత నూనె కంటపడింది. అది ముదిరిన ఆకు కషాయంలా ఉంది.

"ఇది ఎర్రగా లేదు" అంది.

"పాత నూనె ఎర్రగా ఎక్కడుంటుందే? కాగి కాగి నల్లబడుతుంది."

"నల్లగానూ లేదు. ఆకుపచ్చగా ఉంది."

"నీ కళ్లకు అలా ఉంది" అన్నాడు పెదనాన్న. కానీ ఆయన కూడా వంగి చూశాడు.

పిచ్చుకకు ఏం చెయ్యాలో తోచలేదు. చేతిలో ఉన్నది ఒక్క స్టిక్కే. గరాటు లాగేసి, అది ఉన్న గొట్టంలోకి స్టిక్కును దింపింది. పూర్తిగా దిగలేదు. పిడి గొట్టం మూతి మీద కూర్చోకుండా వేలెడంత ఎత్తున నిలబడిపోయింది. నొక్కింది. మళ్లీ పైకి తేలింది. ఈ మధ్య బానెట్ ఎత్తినప్పుడల్లా అది అలాగే తేలి ఉండేది. ఆ బండి తయారీయే అంత కాబోలనుకుని వదిలేసేది.

"పెదనాన్నా, ఇది ఎందుకు కూర్చోదు?"

పెదనాన్న వచ్చి తానూ నొక్కాడు. బయటికి లాగి, పొడవు చూసి, మళ్లీ పెట్టి నొక్కాడు. మూడోసారి నొక్కలేదు. ఆయన చూపు గోడ మీది మేకుల వైపు వెళ్లింది, అక్కణ్ణుంచి గేటు బయట నిలబెట్టిన టైలర్ బాబాయి కారు వైపు వెళ్లింది. ముఖంలో రంగు మారింది. పిచ్చుక అది చూసింది. తాను చూసినట్టు ఆయనకూ తెలిసింది.

"వానాకాలంలో మీ ఇద్దరి బండ్లూ ఒకేసారి వచ్చాయి కదూ" అన్నాడు గొంతు తగ్గించి.

"నా బండి జోలికి రాకండి, అది బంగారం!" అన్నాడు బాబాయి.

పెదనాన్న వెళ్లి ఆ కారు బానెట్ ఎత్తాడు. అందులోని స్టిక్కు బయటికి రావడానికి మొరాయించింది. చివరికి వచ్చింది. పిడి మీది మసి ఆయనే తుడిచాడు, ఆయనే చదివాడు, చదివి పిచ్చుక చేతిలో పెట్టాడు.

సీవీటీ ఆయిల్ మాత్రమే. సీవీటీ అంటే షాపాయన చెప్పిన ఆ ఇనప బెల్టు రకమే.

అది పిచ్చుక కారు గొట్టంలో టక్కుమని కూర్చుంది. వానాకాలంలో స్టిక్కులు తారుమారైనప్పట్నుంచీ పరాయి కారు స్టిక్కు 'నిండుగా ఉంది' అని చెబుతుంటే, లోపల నూనె మెల్లగా కారి తగ్గిపోతూనే ఉంది. అందుకే ఆ వణుకు.

షెడ్డు పైనున్న ఇంటి కిటికీలోంచి పెద్దమ్మ తల బయటికి వచ్చింది. ఎప్పట్నుంచి వింటోందో ఏమో. "కళ్లజోడు పెట్టుకోమని మొత్తుకుంటే వినరు. రేపు నన్ను కూడా పక్కింటికి తగిలిస్తారు!"

"నువ్వు లోపలికి పో" అన్నాడు పెదనాన్న, కానీ ఆ కసురులో పస లేదు.

పెదనాన్న బాబాయి కారు ఇంజను వేడెక్కనిచ్చి, గేరు పార్కులో ఉంచి, దాని స్టిక్కుతో దాని నూనె చూశాడు. కాస్త తగ్గింది. డబ్బాలోని ఎర్ర నూనె అందులో పోశాడు. దానికి అదే సరైనది.

ఇక పిచ్చుక కారు మిగిలింది. నూనె కారే చోటును పెదనాన్న బిగించాడు గానీ, పొయ్యడానికి సరైన నూనె లేదు. పెద్దమ్మ స్పేర్ల షాపుకు ఫోను చేసి, పైనుంచే కేక వేసింది. ఆ నూనె వాళ్ల దగ్గరా లేదట, రేపు పొద్దున్నే తెప్పిస్తారట. అదే సమయానికి పిచ్చుక ఫోను మోగింది. ల్యాబు సూపర్‌వైజరు. మధ్యాహ్నం రౌండుకు బండి రాకపోతే ఆ దారి ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. "వస్తుంది సార్" అని పిచ్చుక ఫోను పెట్టేసింది. ఎలా వస్తుందో ఆమెకే తెలియదు.

పెదనాన్న గడ్డం గోక్కున్నాడు. "పోనీ ఒక పని చేద్దాం. అన్ని నూనెలకూ సరిపడేలా చేసే మందు సీసా ఒకటుంది. ఎర్ర నూనెలో కలిపి పోస్తా. ఈ ఒక్క పూటకి ఏం కాదు. రేపు కక్కించేసి అసలుది పోద్దాం."

"వద్దు."

"అది కాదే, నీ పని పోతుందనే..."

"పని పోతే ఇంకోటి వెతుక్కుంటా పెదనాన్నా. గేర్‌బాక్సు పోతే నేను ఎక్కడికెళ్లి వెతుక్కోవాలి? ఎవరు తీసుకెళ్తారు నన్ను?" ఆమె గొంతు ఇప్పటికీ సన్నగానే ఉంది. అయినా షెడ్డు చివరిదాకా వినబడింది. "ఈ కారు నడపడం నాకు నువ్వే నేర్పావు. అప్పుడు అందరూ వద్దంటే నువ్వొక్కడివే విన్లేదు. ఇప్పుడు నువ్వు వద్దన్నా నేను వినను."

పెదనాన్న తువ్వాలు తీసి, శుభ్రంగా ఉన్న చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

పిచ్చుక టైలర్ బాబాయి ముందుకు వెళ్లి చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి బాబాయ్."

"ఏ తాళం?"

"మీ కారుది. దానికీ క్లచ్ లేదుగా. సాయంత్రానికి తెచ్చి ఇంటి ముందు పెడతా."

"అమ్మమ్మా! నా సీటు కవర్లు మఖమల్‌వి. నేనే కుట్టుకున్నా. నువ్వేమో రక్తం మోస్తావు!"

"రక్తం గొట్టాల్లో ఉంటుంది బాబాయ్, గొట్టాలు పెట్టెలో ఉంటాయి. ఇన్నాళ్లూ నా స్టిక్కు మీ దగ్గర దాచుకున్నారు, నేనేమన్నా అన్నానా? ఒక్క పూట మీ కారు నా దగ్గరుంటే కొంప మునుగుతుందా?"

కిటికీలోంచి పెద్దమ్మ ఫక్కున నవ్వింది. బాబాయి పెదనాన్న వైపు చూశాడు, ఏమైనా అడ్డుపడతాడేమోనని. పెదనాన్న సుత్తి అందుకుని, పక్కపక్కనే ఉన్న మేకుల్లో ఒకదాన్ని పీకుతున్నాడు. పీకింది తీసుకెళ్లి ఎదురు గోడకు కొట్టాడు. ఆ దెబ్బలకు బాబాయి ఉలిక్కిపడి, జేబులోంచి తాళం తీసి ఇచ్చేశాడు.

"మొట్టికాయలు వేస్తుంది, చూసుకో" అన్నాడు ఉక్రోషంగా.

"అలవాటే."

ఐసు పెట్టెను మఖమల్ సీటు మీద పాత దుప్పటి పరిచి పెట్టింది. ఎక్కబోతూ ఆగి, కుంటుకుంటూ వెనక్కు వచ్చింది. జాకీల మీద, కడుపు ఖాళీగా ఉన్న తన కారు దగ్గరికి వెళ్లి, గొట్టంలో స్టిక్కు బిగిసే ఉందో లేదో వేలితో నొక్కి చూసింది. తర్వాత బల్ల మీది గరాటు తీసుకుని చంకలో పెట్టుకుంది.

"ఏయ్, అదెక్కడికే? ఉన్నది ఒక్కటే గరాటు!" అన్నాడు పెదనాన్న.

"రేపు నూనెతో పాటు తెస్తా."

కారు ఒక్క కుదుపుతో గేటు దాటింది. వెనక పెదనాన్న ఏదో అరుస్తున్నాడు. ఐసు పెట్టె పక్కన గరాటు అటూ ఇటూ దొర్లుతుంటే, పిచ్చుక ఒక చేత్తో దాన్ని పట్టుకుని కారును మొదటి క్లినిక్కు వైపు తిప్పింది.