చెప్పకుండా పీకిన కీబోర్డు

అక్క కంప్యూటర్‌లో యూఎస్‌బీ పోర్టులు మళ్లీ చచ్చాయి. కేబుళ్లు, బోర్డు అన్నీ మార్చినా ఇది నాలుగోసారి. రిపేర్లు చేసుకుని బతికేవాణ్ణి, తల కొట్టేసినట్టుంది. విసుగొచ్చి తగిలించినవన్నీ ఊడబీకాను. అయినా తెర మీద, తగిలించినవాటి జాబితాలో ఒక కీబోర్డు కనబడుతూనే ఉంది. దాన్ని తీసెయ్యమని నొక్కితే, "ఇంకా వాడుకలో ఉంది" అని వచ్చింది.

"బావ కీబోర్డు ఏదక్కా?"

"ఆయన పోయిన రోజే పీకి అటక మీద పడేశా."

కంప్యూటర్‌కి చెప్పకుండా ఏదీ పీకొద్దని బతికున్నన్నాళ్లూ బావని సతాయించింది నేనే. సిగ్గు విడిచి అన్నాను. "బావా, తీసేస్తున్నాం."

అటక మీద ఒక్క మీట టక్కుమంది. తెర మీంచి కీబోర్డు మాయమైంది.

అక్క పైకి చూసింది. "ఎంటర్ మీట. ఎప్పుడూ అంత గట్టిగానే కొట్టేవారు."